మునిసిపల్ చైర్మన్ కుర్చీ నుంచి లోక్‌సభ దాకా: సీమ పట్నాల నాయకులకు దారి

ఆదోని మునిసిపాలిటీలో 42 వార్డులు, తాడిపత్రిలో 36, మైదుకూరులో 24. వార్డు గెలిచి చైర్మన్ అయినవాళ్లకు తర్వాతి మెట్టుగా ఎమ్మెల్యే పదవే కనబడుతుంది. ఎంపీ సంగతి పార్టీ పెద్దలు చూసుకునేదని వదిలేస్తారు. కానీ మునిసిపాలిటీలో ఐదేళ్లు ఒళ్లు వంచి పనిచేసినవాళ్లకు ఢిల్లీలో పనికొచ్చే జ్ఞానం చాలానే అబ్బుతుంది. దాన్ని ఏ వరసలో కూడగట్టాలి, ఎక్కడ కాలు జారుతుంది అన్నది ఇక్కడ చెబుతున్నాం.

ముందు ఒక లెక్క. 2011 జనాభా లెక్కల్లో ఆదోని జనం సుమారు 1.66 లక్షలు, నంద్యాల సుమారు 2 లక్షలు. సీమలోని ఏ లోక్‌సభ సీటు తీసుకున్నా ఓటర్లు 15 లక్షలు దాటతారు. అంటే మీ ఊరు ఊరంతా ఏకమై ఓటేసినా మొత్తంలో పదో వంతు చుట్టుపక్కలే తేలుతుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఈ రచ్చ ఏడు అసెంబ్లీల వెడల్పు ఉంటుంది. అందుకే చైర్మన్‌గా ఉన్నప్పుడే మీ ఊరి పొలిమేర దాటే పని ఒకటి పట్టుకోవాలి. మిగతా మెట్లన్నీ దాని తర్వాతే.

చైర్మన్ కుర్చీ

మునిసిపల్ సభ్యుడికి 21 ఏళ్లు నిండాలి, ఆ పట్టణంలో ఓటు ఉండాలి. ఇద్దరు పిల్లల నిబంధనను రాష్ట్రం 2024లో ఎత్తేసింది. 2000లో జనం చైర్మన్‌ను నేరుగా ఎన్నుకున్నారు, 2021లో కౌన్సిలర్లు ఎన్నుకున్నారు. కౌన్సిలర్లు ఎన్నుకునే పద్ధతిలో ప్రత్యేక సమావేశం పెట్టి చేతులెత్తిస్తారు, పార్టీలు విప్ ఇస్తాయి. విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఎక్స్ అఫీషియో ఓటు. ఆ ప్రాంత ఎమ్మెల్యే, ఎంపీలకు కూడా చైర్మన్ ఎన్నికలో ఓటుంటుంది. 2021 మార్చిలో మైదుకూరులో 24 వార్డుల్లో తెలుగుదేశం 12 గెలిచింది, వైకాపా 11, జనసేన 1. అయినా కుర్చీ వైకాపాకు దక్కింది. తాడిపత్రిలో తెలుగుదేశం 18, వైకాపా 16, సీపీఐ 1, స్వతంత్రుడు 1. అక్కడ ఎక్స్ అఫీషియో ఓట్లు కలిసినా సరిపోక జేసీ ప్రభాకర్ రెడ్డి చైర్మన్ అయ్యారు. వార్డులు లెక్కపెట్టేటప్పుడు ఈ ఒకటి రెండు ఓట్లు కూడా కలిపి రాసుకోవాలి.

కుర్చీ ఎక్కాక మొదటి జాగ్రత్త కాంట్రాక్టుల విషయంలో. మునిసిపాలిటీ పనిలో మీకు వాటా ఉందని తేలితే సభ్యత్వానికే ముప్పు. కొడుకు, బావమరిది, ఇంట్లో వాళ్ల ఫర్మ్, ఎవరి పేరున ఉన్నా ఆ ఫర్మ్ మీ మునిసిపాలిటీలో టెండరు వేయకుండా చూసుకోండి. సీమలో కాంట్రాక్టులూ రాజకీయమూ ఒకే గడపలో పెరిగిన ఇళ్లు ఉన్నాయి. పై మెట్టు ఎక్కాలనుకునేవాళ్లు ఈ రెండింట్లో ఒకటి వదులుకోక తప్పదు. రెండోది అవిశ్వాసం. 2021 పాలకవర్గాలకు మొదటి నాలుగేళ్లు ఆ భయం లేకపోయింది. నాలుగేళ్లు నిండిన 2025లో చాలాచోట్ల కుర్చీలు కదిలాయి, విశాఖ మేయరును అలాగే దించారు. కాబట్టి పెద్ద పనులన్నీ మొదటి మూడేళ్లలోనే టెండరు దాటించాలి.

ఫైలు వెంట నడవడం

చైర్మన్ నేర్చుకోవాల్సిన అసలు విద్య ఇదే. కమిషనర్ కార్యనిర్వాహకుడు, చైర్మన్ కౌన్సిల్‌కు పెద్ద. చెక్కు మీద సంతకం మీది కాదు. అజెండాలో ఏ అంశం ఎక్కాలి, తీర్మానం ఏ మాటల్లో ఉండాలి అన్నచోటే మీ మాట చెల్లుతుంది.

ఒక తాగునీటి పని తీసుకుని మొదటినుంచి చివరిదాకా దాని ఫైలు వెంట నడవండి. ముందు సర్వే చేసి అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) అంచనా తయారు చేస్తాడు. దాని మీద కౌన్సిల్ తీర్మానం జరిగాక పరిపాలనా ఆమోదం, ఆపైన సాంకేతిక మంజూరు రావాలి. తర్వాత టెండరు, అగ్రిమెంటు. పని జరుగుతుండగా ఏఈ కొలతలు ఎం-బుక్‌లో రాస్తాడు, పై ఇంజినీరు వాటిని సరిచూస్తాడు. చివరికి బిల్లు ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో పడుతుంది. ప్రతి మెట్టుకూ తేదీ వేసి ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు పడుకుందో ఆ నోట్‌బుక్కే చెబుతుంది.

పని ఎక్కడ ఆగుతుందో చూస్తే మూడు చోట్లు మళ్లీ మళ్లీ కనబడతాయి. ఒకటి స్థలం. ఎస్‌ఎస్ ట్యాంకుకు (వేసవికి నీళ్లు నిల్వచేసే చెరువు) భూమి చూపించకుండానే తీర్మానం చేసేస్తారు, తర్వాత రెవెన్యూ రికార్డుల్లో అది చెరువు పోరంబోకు అని తేలుతుంది. తీర్మానానికి ముందే తహసీల్దారు నుంచి కాగితం తెచ్చుకుంటే ఈ చిక్కు రాదు. రెండోది కాంట్రాక్టరు బిల్లు. ఒక పద్దుకు వచ్చిన డబ్బు ఇంకో పద్దుకు వాడితే ఆడిట్‌లో అభ్యంతరం పడుతుంది, తర్వాతి బిల్లులు నిలిచిపోతాయి. ఆర్థిక సంఘం గ్రాంటులో కొంత భాగం తాగునీటికి, పారిశుధ్యానికి మాత్రమే వాడాలి. దాంతో రోడ్డు వేస్తే ఆ పేచీ మీ పదవి పోయాక కూడా మీ పేరు మీదే నడుస్తుంది.

మూడోది, లోక్‌సభకు వెళ్లాలనుకునేవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనది, కేంద్రం అనుమతి. పైపులైను రైలు పట్టాల కిందుగా పోవాలంటే రైల్వే నుంచి వేలీవ్ అనుమతి కావాలి. గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, ఎర్రగుంట్ల లాంటి పట్టాల పక్క ఊళ్లలో ఇది తప్పదు. కర్నూలు, అనంతపురం గుండా పోయే 44వ నంబరు జాతీయ రహదారినీ, నంద్యాల, కడప గుండా పోయే 40వ నంబరు రహదారినీ కోసి పైపు వేయాలంటే జాతీయ రహదారుల అధికారుల దగ్గరికి వెళ్లాలి. ఊరి చివర నాలుగు వందల మీటర్ల పైపు మిగిలిపోయి, ట్యాంకు కట్టి కూడా కొళాయి రాని కాలనీకి కారణం వెతికితే చాలాసార్లు ఇదే బయటపడుతుంది. ఇలాంటి ఫైళ్లను వేరే కట్టగా పెట్టుకోండి. ఎంపీ వల్ల మీ ఊరికి ఏం పని అని ఎవరైనా అడిగితే ఆ కట్టే జవాబు.

పొలిమేర దాటించే పని

సీమలో అలాంటి పని వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ఆదోని గొంతు తడిపేది తుంగభద్ర దిగువ కాలువ. అనంతపురం వైపు వచ్చేది ఎగువ కాలువ. రెండింటి పంపకం చూసేది తుంగభద్ర బోర్డు, అది కేంద్రం వేసిన బోర్డు. 2024 ఆగస్టులో డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కంగారుపడింది హోస్పేట ఒక్కటే కాదు, కాలువ చివర ఉన్న మన పట్నాలు కూడా. కాలువ నీరు ఏ తేదీన వదిలారు, మీ ట్యాంకు ఎన్ని రోజుల్లో నిండింది, ఎన్నిరోజులకు సరిపోయింది అని మూడేళ్ల లెక్క మీ మునిసిపాలిటీలో ఉంటుంది. పక్క పట్నాల చైర్మన్లను కూర్చోబెట్టి, అందరి లెక్కలూ ఒక్క కాగితం మీదికి తెచ్చి, అన్ని కౌన్సిళ్లలో ఒకే తీర్మానం చేయించండి. మీ పేరు నాలుగు అసెంబ్లీల్లో వినబడడం అక్కడినుంచి మొదలవుతుంది.

రైలు పనులూ అంతే. నంద్యాల–ఎర్రగుంట్ల లైనుకు మంజూరు 1990ల్లో వచ్చింది, రైలు నడిచింది 2016లో. కడప–బెంగుళూరు లైను ఇంకా పూర్తి కాలేదు. ఇలాంటి వాటి మీద ఏటా కేంద్ర బడ్జెట్‌తో పాటు వచ్చే రైల్వే పనుల కేటాయింపుల పుస్తకం, పింక్ బుక్‌లో ఎంత వేశారో చూసి, ఆ అంకె పక్కన నిరుటి అంకె రాసి ప్రజలకు చెప్పడం చైర్మన్ కూడా చేయగలడు. అందుకు ఎంపీ కావాల్సిన పని లేదు.

ఈ దారిన నడిచినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. ఎస్పీవై రెడ్డి 2000లో నంద్యాల మునిసిపల్ చైర్మన్ అయ్యారు, 2004లో అదే నంద్యాల నుంచి లోక్‌సభకు గెలిచారు, 2009లోనూ 2014లోనూ మళ్లీ గెలిచారు. చైర్మన్ కాకముందు పోటీచేసి ఓడిన అనుభవమూ ఉంది. నంది పైపుల వ్యాపారం వల్ల ఆయన పేరు నంద్యాల గడప దాటి పల్లెల్లోకి ముందే వెళ్లింది. ఇంకోవైపు, బి.వై. రామయ్య కర్నూలు మేయరుగా ఉంటూ 2024లో కర్నూలు లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు. ఆ ఏడాది రాష్ట్రమంతా ఒకవైపు గాలి వీచింది, కాబట్టి ఆ ఓటమికి ఒకే కారణం అంటగట్టడం సరికాదు. కానీ ఒక సంగతి మాత్రం పటం చూస్తేనే తెలుస్తుంది. కర్నూలు నగరపాలకంలో కల్లూరు కూడా ఉంది. కల్లూరు పాణ్యం అసెంబ్లీలో ఉంది. పాణ్యం నంద్యాల లోక్‌సభలో ఉంది. కర్నూలు మేయరు రోజూ పనిచేసిపెట్టే జనంలో ఒక భాగం కర్నూలు ఎంపీకి ఓటే వేయరు. అనంతపురంలోనూ ఇదే తంతు. నగరానికి ఆనుకుని ఉన్న రాప్తాడు అసెంబ్లీ పల్లెలు హిందూపురం లోక్‌సభ కింద ఉన్నాయి.

టికెట్ అడిగే ముందు

సీమలోని ఎనిమిది లోక్‌సభ సీట్లలో ఆరు (కర్నూలు, నంద్యాల, అనంతపురం, హిందూపురం, కడప, రాజంపేట) జనరల్, చిత్తూరు, తిరుపతి ఎస్సీలకు రిజర్వు. మహిళలకు మూడో వంతు సీట్లు ఇచ్చే 2023 రాజ్యాంగ సవరణ, జనగణనా ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజనా జరిగాకే అమలవుతుంది. రిజర్వేషన్ వల్ల చైర్‌పర్సన్ అయిన మహిళలు కుర్చీ పనిని భర్తకు వదిలేయకుండా సొంతంగా చేసి ఉంటే, ఆ రోజు వచ్చినప్పుడు పార్టీ చూపు మొదట వాళ్ల మీదే పడుతుంది.

మన రాష్ట్రంలో అసెంబ్లీకీ లోక్‌సభకూ ఓటు ఒకే రోజు. ఎంపీ అభ్యర్థికి సొంత బూత్ యంత్రాంగం దాదాపు ఉండదు, ఏడుగురు ఎమ్మెల్యే అభ్యర్థుల మనుషులే దిక్కు. 2024లో రాష్ట్రంలో 46 వేలకు పైగా పోలింగ్ కేంద్రాలు పెట్టారు. 25 సీట్లకు పంచితే ఒక్కో సీటుకు 1,800 పైమాటే. అన్ని బూత్‌ల్లో మనిషిని కూర్చోబెట్టడం మునిసిపల్ ఎన్నిక అలవాటుతో అయ్యే పని కాదు. కాబట్టి టికెట్ అడగడానికి ఏడాది ముందే ఏడు సెగ్మెంట్లలో ఒక్కోచోట ఇద్దరు నమ్మకస్తులను పెట్టుకోండి. వాళ్ల పని ప్రచారం కాదు. ఎమ్మెల్యే వర్గంలో ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో తెలుసుకుని మీకు చెప్పడం. క్రాస్ ఓటింగ్ ఎప్పుడూ అక్కడే పుడుతుంది.

నామినేషన్

మునిసిపల్ ఎన్నికల్లో ఆరితేరినవాళ్లే ఇక్కడ తప్పులు చేస్తారు, ఎందుకంటే నిబంధనలు చూడడానికి ఒకేలా ఉండి లోపల వేరుగా ఉంటాయి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది బీ-ఫారం. మునిసిపల్ ఎన్నికల్లో బీ-ఫారం ఉపసంహరణ గడువు దాకా ఇవ్వచ్చు. లోక్‌సభకు ఏ-ఫారం, బీ-ఫారం రెండూ నామినేషన్ల చివరిరోజు మధ్యాహ్నం 3 గంటల లోపే అందాలి. ఒక్క నిమిషం దాటినా మీరు స్వతంత్ర అభ్యర్థే.

నామినేషన్ ఫారం 2ఎ. వయసు 25 నిండాలి. డిపాజిట్ 25,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 12,500. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ తిరిగిరాదు. నాలుగు సెట్ల దాకా వేయచ్చు, నాలుగూ వేయండి. ఒక్కో సెట్టుకు వేరువేరు ప్రతిపాదకుడిని పెడితే ఒకదాంట్లో తప్పు దొర్లినా ఇంకోటి నిలబడుతుంది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు చాలు, మిగతావాళ్లకు పదిమంది కావాలి. ప్రతిపాదకుడు అదే లోక్‌సభ నియోజకవర్గం ఓటరై ఉండాలి. కల్లూరు చిక్కు ఇక్కడ మళ్లీ వస్తుంది. కర్నూలు నగరంలోనే ఉంటున్న కల్లూరు ఓటరు కర్నూలు లోక్‌సభ నామినేషన్ మీద సంతకం పెడితే ఆ సంతకం చెల్లదు. పదిమందిలో ఒక్కరు అలా ఉన్నా స్వతంత్రుడి నామినేషన్ పోతుంది. ప్రతి ఒక్కరి భాగం నంబరు, వరస నంబరు ఓటర్ల జాబితాలో వేలు పెట్టి చూసి రాయాలి. మీ ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే జాబితా ధ్రువప్రతి జతచేయాలి.

ఫారం 26 అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకూడదు. చెప్పేదేమీ లేకపోతే "లేదు" అనో "వర్తించదు" అనో రాయాలి. గీత గీసి వదిలేస్తే అధికారి నోటీసు ఇస్తారు, సరిచేసి ఇవ్వకపోతే తిరస్కరిస్తారు. బకాయిల గడిలో ఇంటిపన్ను, నీటిపన్ను కూడా అడుగుతారు. మునిసిపల్ చైర్మన్‌గా చేసిన మనిషికే ఇంటిపన్ను బకాయి ఉందని అఫిడవిట్‌లో కనబడితే మర్నాడు పేపర్లో మొదటి పేజీ అదే. గత పదేళ్లలో ప్రభుత్వ క్వార్టర్‌లో ఉండి ఉంటే అద్దె, కరెంటు, నీళ్లు, ఫోన్ బకాయి లేదన్న ధ్రువపత్రాలు ముందే తీసుకోండి.

కేసుల గడి సీమ నాయకులకు అన్నిటికన్నా బరువైనది. ఎప్పుడో ధర్నాలో, రాస్తారోకోలో పడిన కేసు మరిచిపోయి ఉంటారు. ఎన్నికలకు ఆరు నెలల ముందే మీరు తిరిగిన పోలీస్ స్టేషన్లన్నిట్లో లాయరు చేత వెతికించి, ఎఫ్‌ఐఆర్ నంబరు, సెక్షను, కోర్టు, కేసు దశ ఒక పట్టికగా రాయించుకోండి. కేసులున్న అభ్యర్థి వాటిని పత్రికల్లో, టీవీల్లో మూడుసార్లు ప్రకటించాలి. మొదటిది ఉపసంహరణ గడువు ముగిసిన నాలుగు రోజుల్లోపు, రెండోది ఐదు నుంచి ఎనిమిదో రోజు మధ్య, మూడోది తొమ్మిదో రోజు నుంచి ప్రచారం ముగిసే లోపు. రెండేళ్లు, ఆపైన శిక్ష పడితే సభ్యత్వం అప్పటికప్పుడే పోతుందని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది.

మిగతావి చిన్నవే గాని వదలకూడనివి. ఫొటో 2 సెంటీమీటర్ల వెడల్పు, 2.5 సెంటీమీటర్ల పొడవు, మూడు నెలల లోపు తీసినది, టోపీ, నల్లకళ్లద్దాలు లేకుండా. నామినేషన్ వేశాక, పరిశీలన రోజు రాకముందే ప్రమాణం చేయాలి. ఊరేగింపు సందడిలో ఇది మరిచిపోతారు.

ఖర్చు లెక్క

మన రాష్ట్రంలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు ఎన్నికల కోసమే ఒక బ్యాంకు ఖాతా తెరవాలి. ఒక మనిషికో సంస్థకో 10,000 రూపాయలు దాటిన చెల్లింపు నగదుగా ఇవ్వకూడదు. రిజిస్టరు మూడు రంగుల్లో ఉంటుంది. తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు. ప్రచారంలో మూడుసార్లు తనిఖీకి పట్టుకెళ్లాలి. స్టార్ ప్రచారకుడి ప్రయాణం పార్టీ లెక్కలోకి పోతుంది గాని, అదే వేదిక మీద మీరు నిలబడితే సభ ఖర్చులో వాటా మీ లెక్కలోకి వస్తుంది. ఏడుగురు ఎమ్మెల్యే అభ్యర్థులతో ఉమ్మడి సభలు జరిగే మన దగ్గర ఇది రోజూ వచ్చే లెక్క. కాబట్టి ఒక అకౌంటెంటును అదే పనికి పెట్టుకోవాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పగించాలి. ఓడిపోయామని వదిలేసినవాళ్ల మీద మూడేళ్ల అనర్హత పడుతుంది.

పోలింగ్ మొదలవడానికి 90 నిమిషాల ముందు జరిగే మాక్ పోల్‌కు (యంత్రాలను సరిచూసే నమూనా ఓటింగ్) ఏజెంట్లు వేళకు చేరాలి, సాయంత్రం పోలైన ఓట్ల లెక్క ఉండే ఫారం 17సి ప్రతి చేతికి తీసుకోకుండా కదలకూడదు.

ఢిల్లీ చేరాక

గెలిచిన చైర్మన్లు మొదటి ఏడాదిలో చేసే పొరపాటు ఒకటే. మురికికాల్వ, వీధిదీపం పట్టుకుని పార్లమెంటులో లేస్తారు. స్థానిక పాలన రాష్ట్ర జాబితాలోది, ఆ ప్రశ్నను లోపలికే రానివ్వరు. అడగాల్సినది కేంద్రం డబ్బునీ, కేంద్రం అనుమతినీ. "మా ఊరికి నీళ్లు ఎప్పుడిస్తారు" అని కాకుండా, "కర్నూలు జిల్లా పట్టణాలకు అమృత్ 2.0 కింద మంజూరైన పనులెన్ని, విడుదలైన మొత్తం ఎంత, ఖర్చైనది ఎంత, ఆలస్యానికి కారణాలేమిటి" అని రాయండి (అమృత్ అంటే పట్టణాల నీటి పనులకు కేంద్రం పథకం). ప్రశ్న 150 మాటలు దాటకూడదు, వాదన ఉండకూడదు, 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. లాటరీలో పేరు రావాలి కాబట్టి రోజూ నోటీసులు వేస్తూనే ఉండాలి. నోటితో జవాబు చెప్పే ప్రశ్నలు రోజుకు 20, రాతపూర్వక జవాబువి 230. కొత్తవాళ్లకు రెండోవే మేలు. ఆ జవాబులో అంకెలుంటాయి, దాన్ని కలెక్టరు ముందు పెట్టచ్చు. అత్యవసర ప్రజా సమస్యలు లేవనెత్తే జీరో అవర్‌కు నోటీసు అదే రోజు ఉదయం 10 గంటల లోపు. తెలుగులో మాట్లాడచ్చు, అనువాదం కోసం ముందే చెప్పాలి.

ఎంపీ నిధులు ఏటా 5 కోట్లు. ఏడు అసెంబ్లీలకు పంచితే ఒక్కోదానికి 71 లక్షల చిల్లర. పట్నానికి నీటి పథకం దాంతో కాదు. సిఫారసు మీది, మంజూరు జిల్లా అధికారులది. మంజూరో తిరస్కరణో 45 రోజుల్లో తేల్చాలి. మొత్తంలో 15 శాతం ఎస్సీ వాడలకు, 7.5 శాతం ఎస్టీ వాడలకు పెట్టాలి.

పాత చైర్మన్‌కు నిజంగా చేతికొచ్చే ఆయుధం దిశ కమిటీ. జిల్లాలో కేంద్ర పథకాలన్నీ సమీక్షించే ఆ కమిటీకి ఎంపీయే అధ్యక్షుడు, మూడు నెలలకోసారి కూర్చోవాలి. కలెక్టరు, రైల్వే, రహదారుల అధికారులు, మునిసిపల్ కమిషనర్లు ఒకే బల్ల చుట్టూ ఉండే చోటు మరొకటి లేదు. ఇన్నాళ్లూ వేరే కట్టగా పెట్టుకున్న వేలీవ్ ఫైళ్లు, రహదారి అనుమతుల ఫైళ్లు మొదటి సమావేశంలోనే అజెండాకెక్కించండి. ఒక్కోదాని పక్కన అధికారి హోదా, తేదీ రాయించి మినిట్స్‌లో పెట్టించండి. ఎంపీగా మీ మునిసిపల్ కౌన్సిల్‌లో ఎక్స్ అఫీషియో సభ్యత్వం మీకు ఉంటుంది. తర్వాతి నెల కౌన్సిల్ సమావేశానికి ఆ మినిట్స్ ప్రతి పట్టుకుని వెళ్లి కూర్చోండి.